పగలు ఒకే పెరడు, రాత్రి వేరే గూళ్లు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వెనక కొబ్బరి చెట్లు, గట్టు దిగితే పంట బోదె. పెరట్లో పదకొండు నాటుకోళ్లు, ఆరు బాతులు. రెండూ కలిపి పెంచొచ్చా అని అడిగితే నా మాట ఇది: పగలు కలిసి తిరగనివ్వండి, రాత్రి మాత్రం విడిగా మూయండి.

మొదటి ఏడాది శ్రావణంలో ముసురు పట్టి, అన్నిటినీ ఒకే పాకలోకి తోలాను. బాతు తాగేదానికన్నా ఒలకబోసేదే ఎక్కువ, దాని రెట్ట కూడా పలచన. మూడు రోజుల్లో కిందేసిన ఊకంతా ముద్దయిపోయింది. రెండు వారాలు తిరక్కుండా కోడిపిల్లలు రెక్కలు వాల్చేసి, రెట్టలో నెత్తురు పడి, తొమ్మిదింట్లో అయిదు పోయాయి. బాతులకి ఏమీ కాలేదు. రక్తపారుడు తడి ఊకలోనే పెరుగుతుందని పశువుల డాక్టరు గారు చెప్పాక ఎంత ఏడ్చానో.

ఆ తర్వాత గూడు మధ్యలో తడిక కట్టించాం. కోళ్ల వైపు రెండడుగుల ఎత్తున వెదురు దండెం వేస్తే ఎక్కి పడుకుంటాయి. బాతులు నేలమీదే పడుకుంటాయి కాబట్టి ఎండుగడ్డి మందంగా పరిచి, రోజూ పైన పొడిగడ్డి చల్లాలి. ముంగిస దూరకుండా అడుగున ఇనుప వల కొట్టించండి. రాత్రి గూట్లో నీళ్లు పెట్టకపోతే మేత కూడా పెట్టొద్దు. నీళ్లు లేకుండా తింటే బాతుకి గొంతు పడుతుంది.

చెరువే ఉండక్కర్లేదు. ముక్కు, కళ్లు మునిగేలా తల ముంచుకునే లోతుంటే చాలు, అది లేకపోతే కళ్లు పుసులు కడతాయి. మా పాత కుడితి గోలెం అరటి చెట్ల పక్కన పెట్టాను, మార్చిన నీళ్లు వాటికే పోతాయి. కోడిపిల్లలు పడి చచ్చిపోకుండా అందులో పెద్ద రాయి వేశాను. కోళ్ల నీళ్ల గిన్నె దూరంగా, ఇటుకల మీద ఉండాలి.

మేతకి నూకలు, తడిపిన తవుడు, బోదెలో దొరికే నత్తలు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న అసలు పెట్టొద్దు. ఆ బూజు విషాన్ని కోడికన్నా బాతు చాలా తక్కువ తట్టుకుంటుంది. బాతుపిల్లలకి నియాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ కావాలి, కోడిపిల్లల దాణా ఒక్కటే పెడితే కాళ్లు బలహీనపడొచ్చు. అది దొరికే ఈస్టు పొడి దాణాలో ఎంత కలపాలో డాక్టర్ని అడగండి.

అయిదారు ఆడబాతులకి ఒక్క మగబాతు చాలు. మాకు రెండుండేవి. ఒకటి కోడిపెట్టల మీదకి ఎక్కి వీపు ఈకలు పీకేస్తుంటే ఆడపడుచుకి ఇచ్చేశాను.

కోళ్లకి ఏడో రోజున కొక్కెర తెగులు చుక్కల మందు, ఎనిమిదో వారంలో సూది వేయించండి. బాతులకి ప్లేగు టీకా వేరే. బర్డ్ ఫ్లూని బాతు పైకి కనిపించకుండా మోయగలదు. అందుకే 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో అది బయటపడగానే మావాటిని బోదెలోకి వదలడం మానేశాం.

బాతులు తెల్లవారుజామున పెడతాయి. తొమ్మిది లోపు వదిలితే గుడ్లు బయటెక్కడో పెట్టేస్తాయి. మా ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు పొదగవు, అందుకని పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద ఏడు బాతుగుడ్లు పెడతారు మా అత్తయ్య గారు. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతుగుడ్డుకి 28. రెండూ ఒకే రోజు కలిపి పెడితే కోడిపిల్లలు రాగానే పెట్ట లేచిపోతుంది. ఆ చివరి వారం పెట్ట చిక్కిపోకుండా నూకలు, నీళ్లు ముక్కు దగ్గరే పెట్టండి.

పిల్లలు దిగాక ఒక్క జాగ్రత్త. తల్లిబాతు లేని పిల్లల ఒంటికి జిడ్డు అంటదు, లోతు నీళ్లలో తడిసి బిగుసుకుపోతాయి. మూడు నాలుగు వారాలు పళ్లెంలో నీళ్లే. మొదటిసారి నేనది తెలియక బోదెలోకి వదిలేస్తే, పెట్ట గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ ఒకటే కూత. అత్తయ్య గారు చీర ఎగదోపుకుని దిగి ఏడింటినీ గంపలోకి ఏరారు.