నమీబియా మట్టిరోడ్ల మీద బండి తీసే ముందు

జులై వస్తోంది, ఎతోషా నేషనల్ పార్కుకు సొంతంగా నడుపుకుంటూ వెళ్లేవాళ్ల కోసం.

వేగం 80 దాటొద్దు. మనలాగే ఎడమవైపు నడపడం, ఎదురుగా ఖాళీ రోడ్డు. కాలు దానంతటదే నొక్కేస్తుంది. కంకర మీద సడన్ బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుంది. జారితే యాక్సిలరేటర్ వదలండి, స్టీరింగ్ గట్టిగా తిప్పొద్దు.

స్టెప్నీలు రెండు అడగండి. బండి తీసుకునే చోటే జాకీ పెట్టి ఒక చక్రం విప్పి చూడండి. మాకిచ్చిన జాకీ ఇసుక పట్టి బిగుసుకుపోయింది, అక్కడే మార్పించుకున్నాం.

బంకు కనబడితే సగం ఉన్నా ట్యాంకు నింపండి.

నీళ్లు మనిషికి ఐదు లీటర్లు.

చీకటి పడకముందే లాడ్జి చేరాలి. ఎతోషా గేట్లు సూర్యాస్తమయానికి మూసేస్తారు, బయట రోడ్డు మీదికి పెద్ద పెద్ద కుడూ జింకలు దూకుతాయి. మ్యాపు చూపే టైముకు గంట కలుపుకోండి.