ఇంట్లో రీఫ్ ట్యాంక్ – 5వ పాఠం: కరెంటు పోయినప్పుడు నీళ్లు ఎక్కడ ఆగాలి

ఈసారి రాళ్లు పేర్చడం మొదలుపెట్టాల్సింది. అది వచ్చే పాఠంలో చూద్దాం. రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, పంప్‌తో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టె) అమర్చుకున్నవాళ్లలో చాలామందికి ఒకటే ఇబ్బంది వచ్చింది. పంప్ తిరుగుతున్నంతసేపూ అంతా బాగానే ఉంది, కరెంటు పోయిన కాసేపటికి సంప్ పొంగి నేలంతా ఉప్పునీళ్లయ్యాయి. నడుస్తున్న పాత ట్యాంకుకే సంప్ తగిలించినవాళ్లకి ఇంకో దెబ్బ కూడా తగిలింది. నేల తుడుచుకున్న మర్నాటికి జోయాంతిడ్‌లు (పువ్వుల్లా విచ్చుకునే, పగడాల కోవకి చెందిన జీవులు) ముడుచుకుపోయాయి. ఆ రెండోదానికి కారణం కూడా మొదటిదాంట్లోనే ఉంది.

ట్యాంకు 120×45×45 సెం.మీ. అనుకుందాం. పైన నీటి వైశాల్యం 5400 చదరపు సెం.మీ. అంటే మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు కిందికి వచ్చినట్టే. పంప్ ఆగగానే ఓవర్‌ఫ్లో అంచు (నీళ్లు సంప్‌లోకి పొర్లే చోటు) మీదున్న పల్చటి పొర దిగి ఆగిపోతుంది, దాంతో గొడవ లేదు. గొడవంతా సంప్ నీళ్లని పైకి తెచ్చే రిటర్న్ పైపుతోనే. పంప్ ఆగినా పైపు నిండా నీళ్లుంటాయి, పైన దాని చివరున్న నాజిల్ మునిగే ఉంటుంది. దాంతో ఆ పైపే సైఫన్‌గా మారి ట్యాంకులో నీళ్లను వెనక్కి లాగేస్తుంది. నాజిల్ మూతికి గాలి తగిలేదాకా ఆగదు.

నాజిల్ 10 సెం.మీ. లోతులో ఉంటే దిగేది 54 లీటర్లు. సంప్ అడుగు కొలత 75×35 సెం.మీ. అయితే అందులో మట్టం 20 సెం.మీ. పైనే లేస్తుంది. 40 సెం.మీ. ఎత్తున్న సంప్‌ని 25 దాకా నింపుకుంటే పొంగక ఏమవుతుంది? అదే నాజిల్‌ని 2 సెం.మీ. లోతుకి ఎత్తితే దిగేది దాదాపు 11 లీటర్లు, సంప్‌లో లేచేది 4 సెం.మీ. మీ కొలతలతో ఈ లెక్క వేసుకోండి. పైపుల్లో మిగిలే నీళ్ల కోసం ఇంకో 3 సెం.మీ. కలుపుకుని, ఆ మొత్తాన్ని సంప్ ఎత్తులోంచి తీసేసి, మిగిలిన ఎత్తు దగ్గర సంప్ గోడ మీద మార్కర్‌తో గీత గీయండి. పంప్ నడుస్తున్నప్పుడు నీళ్లు ఆ గీత దాటకూడదు.

నాజిల్‌ని అంత పైకి ఎత్తడం కుదరకపోతే, రిటర్న్ పైపుకి నీటిమట్టానికి కాస్త కిందగా 6 మి.మీ. బిట్‌తో రంధ్రం వేయండి. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. నేనైతే ఎప్పుడూ రెండు వేస్తాను. ఒకదానికి నత్త అడ్డుపడినా రెండోది పనిచేస్తుంది.

ఇక చెక్ వాల్వ్ సంగతి. నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వ్ ఇది, ప్లంబర్లు ఎన్.ఆర్.వి. అనేది దీన్నే. "వాల్వ్ పెట్టించాం, ఇంక ఫర్వాలేదు కదా" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఫర్వా ఉంది. మంచినీళ్ల మోటారుకి అది బాగానే పనిచేస్తుంది. రీఫ్ ట్యాంకులో దాన్ని నమ్ముకోకూడదు. లోపలి రెక్క పూర్తిగా కూర్చుంటేనే నీళ్లు ఆగుతాయి. మన నీళ్లలో కాల్షియం ఉంటుంది, అది గట్టిపడి రెక్క అంచున పేరుకుంటుంది. ఒక్క ఇసుక రేణువు, గోరంత నత్తపిల్ల, చిన్న నాచు పోగు ఇరుక్కున్నా చాలు, రెక్క సగం తెరుచుకునే ఉంటుంది. కొత్తలో పరీక్షిస్తే చుక్క కూడా దిగదు. ఆ ధైర్యంతో సంప్‌ని అంచుదాకా నింపుతారు. నెలలు గడిచాక ఏ అర్ధరాత్రో కరెంటు పోతే దాని అసలు సంగతి బయటపడుతుంది. వాల్వ్ ఉంటే ఉండనివ్వండి, కానీ లెక్క మాత్రం అది లేదనుకునే వేయండి. ఒకటి చాలదని రెండు వాల్వులు బిగించినవాళ్లకీ ఇదే మాట. ఆ డబ్బుతో కాస్త పెద్ద సంప్ తీసుకోవడం మేలు.

ఇన్వర్టర్ ఉంది కదా అని ఊరుకోకండి. బ్యాటరీ అయిపోయాక పంప్ ఆగక తప్పదు, అప్పుడూ ఇదే జరుగుతుంది. నేను రిటర్న్ పంప్‌ని ఇన్వర్టర్‌కి కలపను, ట్యాంకులో నీళ్లని తిప్పే వేవ్‌మేకర్ ఒక్కటే కలుపుతాను. దానికి కరెంటు తక్కువ చాలు, పైపొర కదులుతున్నంతసేపు చేపలకి ఆక్సిజన్ అందుతుంది.

జోయాంతిడ్‌లు ఎందుకు ముడుచుకున్నాయో ఇప్పుడు చూద్దాం. ఆవిరైన నీళ్లు ఉప్పుని ట్యాంకులోనే వదిలి వెళ్తాయి, అందుకే రోజూ మామూలు ఆర్.ఓ. నీళ్లే పోస్తాం. నేల మీద పడిన నీళ్లు మాత్రం ఉప్పుని కూడా తీసుకుపోతాయి. మట్టం తగ్గింది కదా అని ఆటో టాప్-ఆఫ్ (మట్టం తగ్గితే తనంతట తానే నీళ్లు పోసే పరికరం) మాత్రం ఆర్.ఓ. నీళ్లే పోసేస్తుంది. మొత్తం 260 లీటర్లలో 20 లీటర్లు ఒలికి, ఆ చోటు ఆర్.ఓ. నీళ్లతో నిండితే, లవణీయత (కిలో నీళ్లలో ఎన్ని గ్రాముల ఉప్పుందో ఆ లెక్క) 35 నుంచి దాదాపు 32.3కి పడిపోతుంది. అలా పడిందని ఒక్కసారిగా ఉప్పు కలపొద్దు, ఉప్పుని నేరుగా ట్యాంకులో అసలు వేయొద్దు. ఆవిరైనంత మేరకు ఆర్.ఓ. బదులు 35 ఉన్న ఉప్పునీళ్లు పోస్తూ రండి. ఎండాకాలంలో రోజుకి 4 లీటర్లు ఆవిరైతే, రోజుకి అర పాయింటుకి కాస్త పైగా పెరుగుతుంది. అయిదు రోజుల్లో మళ్లీ 35కి చేరుతుంది. ఈ అయిదు రోజులూ ఆటో టాప్-ఆఫ్ ప్లగ్ తీసేయండి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు స్కిమ్మర్‌ని (నురగతో మురికిని తీసే పరికరం) ఒక కంట కనిపెట్టండి. సంప్‌లో మట్టం ఇంకా ఎక్కువగా ఉంటుంది కాబట్టి నురగ కప్పు దాటి పొంగుతుంది. రిటర్న్ పంప్ ముందు వేసి, పది నిమిషాలాగి స్కిమ్మర్ వేయండి.

సాధన: కొత్త ట్యాంకైతే దీన్ని ఉప్పు కలపని నీళ్లతోనే చేయాలి. నడుస్తున్న ట్యాంకు ఉన్నవాళ్లు ఉన్న నీళ్లతోనే చేయండి, పక్కనే కలిపిన ఉప్పునీళ్లు ఒక డ్రమ్ముడు సిద్ధంగా పెట్టుకోండి. మొదట మెయిన్ స్విచ్ ఆపి, సంప్ ఎంత లేచిందో గీత గీయండి. తర్వాత సైఫన్ తెంచే రంధ్రాలను టేపుతో మూసి మళ్లీ ఆపండి. అప్పుడు కూడా పొంగకూడదు. పొంగేలా ఉంటే నాజిల్‌ని పైకెత్తండి, లేదా సంప్ మట్టం తగ్గించి మళ్లీ మొదటి నుంచి చేయండి. మూడోసారి టేపు తీసి, కిందికి దిగే డ్రెయిన్ పైపుని గుడ్డతో మూసి పంప్ వేయండి. రిటర్న్ గదిలోని (సంప్‌లో పంప్ ఉండే అర) నీళ్లన్నీ పైకి వెళ్లినా ట్యాంకు అంచు దాటకూడదు. 120×45 ట్యాంకులో అంచు కింద 3 సెం.మీ. ఖాళీ ఉంటే 16 లీటర్లు పడతాయి. రిటర్న్ గదిలో అంతకంటే తక్కువే నీళ్లుండాలి. పంప్ గాలి పీల్చిన చప్పుడు రాగానే ఆపేయండి, వట్టిగా తిరిగితే కాలిపోతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా రాళ్ల పాఠానికి వెళ్లొద్దు.

రాళ్ల కోసం సముద్రపు ఒడ్డుకి వెళ్లి పగడపు ముక్కలు ఏరుకురాకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పగడాలు ఉన్నాయి, ఎండిన ముక్కలకీ ఆ చట్టం వర్తిస్తుంది. షాపుల్లో దొరికే పొడి సిరామిక్ రాయి సుమారు 15 కిలోలు తెచ్చి, ఆర్.ఓ. నీళ్లలో నానబెట్టి ఉంచండి.