విదేశీ భాగస్వామ్యం: ఊళ్లోని సేవాసంస్థ దాన్ని ఎలా నడుపుకోవాలి

పదిహేనుమంది కలిసి నడుపుకునే సేవాసంస్థకు విదేశీ పరిచయం దాదాపు ఎప్పుడూ ఒక మనిషి ద్వారానే వస్తుంది. కార్యదర్శిగారి తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, కోశాధికారి కూతురు లండన్‌లో ఉద్యోగం చేస్తుంటుంది. వాళ్ల వల్ల అక్కడి తెలుగు సంఘమో, ఒక ట్రస్టో, రోటరీ క్లబ్బో దగ్గరవుతుంది. రెండేళ్లు బాగానే సాగుతుంది. ఇక్కడ కార్యవర్గం మారగానే అవతలివాళ్ల ఈమెయిళ్లకు జవాబులు ఆగిపోతాయి. ఎందుకంటే ఆ సంబంధమంతా పాత కార్యదర్శి ఫోన్లోనే ఉండిపోయింది. సంబంధాన్ని సంస్థ చేతికి తెచ్చుకోవడమే ఇక్కడ అసలు పని. అయితే చట్టం దగ్గర పొరపాటు జరిగితే మిగతా జాగ్రత్తలేవీ అక్కరకు రావు కాబట్టి ముందు దాని సంగతి.

పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిది?

విదేశీ విరాళాలను నియంత్రించేది 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం. 2020లో దాన్ని బాగా బిగించారు. విదేశీ విరాళం తీసుకోవాలంటే దీని కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. ఇందులో ముందుగా చూడాల్సింది పంపేవారి పౌరసత్వం. ఎక్కడ ఉంటున్నారన్నది ఆ తర్వాతి మాట. అమెరికాలో ఇరవయ్యేళ్లుగా ఉంటున్నా భారత పాస్‌పోర్టే ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే వీధిలో ఉంటూ అమెరికా పౌరసత్వం తీసుకున్న ఆయన తమ్ముడు వంద డాలర్లు పంపినా విదేశీ విరాళమే. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఇక ఆ దేశంలో రిజిస్టరైన సంఘమైతే, సభ్యులందరూ భారత పౌరులే అయినా సంఘం మాత్రం విదేశీ సంస్థే. ఊరి వాట్సాప్ గ్రూపులో బడి మరమ్మతులకు చందా అడిగినప్పుడు ఈ మూడు రకాల డబ్బూ ఒకే ఖాతాలోకి వచ్చిపడుతుంది. ఎక్కువ సంస్థలు చిక్కుల్లో పడేది అక్కడే.

కాబట్టి ప్రవాసుల నుంచి తీసుకునే ప్రతి విరాళానికీ పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ, ‘నేను భారత పౌరుణ్ణి, ఇది నా సొంత డబ్బు’ అని ఒక వాక్యం తీసుకుని రసీదు పుస్తకంతోపాటు దాచండి. ప్రవాస భారతీయులకు ఇక్కడి బ్యాంకుల్లో ఉండే ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి పంపమంటే జాడ ఇంకా స్పష్టంగా ఉంటుంది. వెబ్‌సైట్లో విరాళాల బటన్ ఉంటే, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేనంతకాలం విదేశీ కార్డులు తీసుకోకుండా పేమెంట్ గేట్‌వేలో ఆపించండి.

‘ప్రస్తుతానికి కార్యదర్శి సొంత ఖాతాలో వేయించుకుందాం’ అనే మాట సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. చట్టాన్ని ఉల్లంఘిస్తే అయిదేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి.

రిజిస్ట్రేషనా, ముందస్తు అనుమతా?

సంస్థకు మూడేళ్లు నిండి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో సేవా కార్యక్రమాల మీదే కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉంటే ఎఫ్‌సీ-3ఎ ఫారంతో రిజిస్ట్రేషన్ కోరవచ్చు. అది అయిదేళ్లు చెల్లుతుంది. అంత చరిత్ర లేని సంస్థకు ఎఫ్‌సీ-3బి ఫారంతో ముందస్తు అనుమతి దారి ఉంది. ఒక దాత, ఒక పని, ఒక మొత్తం, వాటివరకే అనుమతి. దీనికి దాత నుంచి ఎంత ఇస్తారో, దేనికి ఇస్తారో చెప్పే హామీపత్రం, ప్రాజెక్టు నివేదిక కావాలి. ‘మీ సేవలకు మా వంతు సాయం చేస్తాం’ అని రాసిన ఉత్తరం చెల్లదు. అంకె, పని, సంస్థ పూర్తి పేరు ఉండాలి. ఆ పేరు సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రంలోనూ, సేవాసంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లోనూ, పాన్ కార్డులోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే అయ్యుండాలి. ‘సేవా సమితి’ ఒకచోట కలిపి, ఇంకోచోట విడదీసి ఉంటే సరిచేయించుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

ముందస్తు అనుమతిలో ప్రవాసులు తరచూ తట్టుకుని పడే గడప ఒకటుంది. అమెరికాలో ఫౌండేషన్ పెట్టింది, ఇక్కడ ఊళ్లో సొసైటీ పెట్టింది ఒకే కుటుంబమో ఒకే బ్యాచ్ స్నేహితులో అయితే కుదరదు. ఇక్కడి ముఖ్య బాధ్యుడు దాతసంస్థలో ఉండకూడదు. ఇక్కడి కార్యవర్గంలో కనీసం 75 శాతం మందికి దాతసంస్థలో సభ్యత్వం గానీ ఉద్యోగం గానీ ఉండకూడదు. సొసైటీ రిజిస్టర్ చేసేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే తర్వాత కార్యవర్గాన్ని మార్చే తిప్పలు తప్పుతాయి.

డబ్బు వచ్చే దారి ఒక్కటే: ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా. ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, మీ దగ్గరి ఎస్‌బీఐ బ్రాంచి ద్వారానే తెరవవచ్చు. ఖర్చుల కోసం మీ ఊళ్లో వేరే ఖాతా పెట్టుకుంటే ఆ సంగతి 45 రోజుల్లో ఎఫ్‌సీ-6డి ద్వారా తెలపాలి. అందులో స్థానిక చందాలు ఒక్క రూపాయి కూడా కలపకూడదు. దాతకు ఖాతా వివరాలు పంపేటప్పుడు మీ ఊరి బ్రాంచి స్విఫ్ట్ కోడ్ (విదేశీ చెల్లింపులకు బ్యాంకును గుర్తించే సంకేతం) ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడు డబ్బు వెనక్కి పోతుంది, లేదా వారాల తరబడి మధ్యలో ఆగుతుంది. ఢిల్లీ బ్రాంచిదే ఇవ్వండి. దాత పూర్తి పేరు, చిరునామా, దేశం, విరాళం దేనికోసమో కూడా బ్యాంకు అడుగుతుంది, ముందే తెప్పించి పెట్టుకోండి.

వచ్చిన సొమ్ములో పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఇంకో సంస్థకు, వాళ్లకూ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే, పంచకూడదు. పక్క మండలంలో పని చేయాలంటే మీరే మేస్త్రీకి కూలి ఇవ్వాలి, మీరే సిమెంటు కొనాలి, బిల్లులు మీ పేరనే ఉండాలి. ఏటా డిసెంబరు 31లోపు సీఏ ధ్రువీకరించిన వార్షిక లెక్కల ఫారం ఎఫ్‌సీ-4 వేయాలి, ఆ ఏడాది పైసా రాకపోయినా. రెన్యువల్ దరఖాస్తు గడువుకు నాలుగు నెలల ముందే పెట్టమని కేంద్ర హోం శాఖ 2025లో చెప్పింది. క్యాలెండరులో ఆరు నెలల ముందు తేదీకి గుర్తు పెట్టుకోవడం మేలు.

అవతలివాళ్లకూ చట్టం ఉంది

‘మన డబ్బే కదా, ఇన్ని కాగితాలెందుకు అడుగుతారు’ అని ఇక్కడివాళ్లకు విసుగొస్తుంది. అమెరికాలో 501(సి)(3) అనే ధార్మిక సంస్థ హోదా ఉన్న సంస్థకు ఇస్తేనే దాతకు పన్ను మినహాయింపు. ఆ సంస్థ డబ్బును ఊరికే ఇటు దాటించకూడదు, దాని వాడకంపై తన నిర్ణయం, తన అజమాయిషీ ఉన్నట్టు చూపాలి. ఏడాదిలో విదేశీ గ్రాంట్లు, కార్యక్రమాలు కలిపి 10,000 డాలర్లు దాటితే ఏటా పన్నుల శాఖకు ఇచ్చే ఫారం 990తో షెడ్యూల్ ఎఫ్ అనే అనుబంధం కూడా నింపాలి. బిల్లులు అడిగేది అందుకే. అడగకముందే పంపే సంస్థకు రెండో గ్రాంటు తేలిగ్గా వస్తుంది.

మీరూ వాళ్లను పరిశీలించాలి. అమెరికా సంస్థలను అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్లో, ఇంగ్లండు సంస్థలను చారిటీ కమిషన్ రిజిస్టరులో పేరు కొట్టి చూడవచ్చు. పెద్ద గ్రాంటు మంజూరైందని, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు కట్టమని వచ్చే ఈమెయిల్ మోసమే. దాత పేరుతోనే ‘బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి. మీ పేరుతో వాళ్లకు అలాంటి మెయిల్ వెళ్లే అవకాశమూ ఉంది. ఖాతా వివరాలు మారితే వీడియో కాల్‌లో తప్ప చెప్పుకోకూడదని ఇద్దరూ ముందే అనుకోండి.

రోటరీ దారి

మీ ఊళ్లో చురుకైన రోటరీ క్లబ్బు ఉంటే గ్లోబల్ గ్రాంటు మంచి అవకాశం. ఇక్కడి క్లబ్బో డిస్ట్రిక్టో (ఒక ప్రాంతంలోని రోటరీ క్లబ్బుల సమూహం) ఒక పక్క, విదేశీ క్లబ్బో డిస్ట్రిక్టో ఇంకో పక్క ఉండి తీరాలి. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు. పని రోటరీ నిర్ణయించుకున్న ఏడు రంగాల్లో ఒకదానిలో ఉండాలి. డిస్ట్రిక్టు నిధి నుంచి ఇచ్చే ప్రతి డాలరుకూ రోటరీ ఫౌండేషన్ 80 సెంట్లు జోడిస్తుంది. అంటే రెండు డిస్ట్రిక్టులు కలిసి 20,000 వేస్తే 16,000 తోడై 36,000 అవుతుంది. డిస్ట్రిక్టు నిధి నుంచి కాక నేరుగా వేసే నగదుకు ఈ జోడింపు లేదు. భాగస్వాములు వేసే దాంట్లో కనీసం 15 శాతం విదేశం నుంచి రావాలి. మీ సేవాసంస్థ ఇందులో సహకార సంస్థగా చేరవచ్చు, దానికి విడిగా ఒప్పందపత్రం రాసుకోవాలి. దరఖాస్తుకు ముందే ఊరి అవసరాలపై సర్వే చేయడం తప్పనిసరి. పరికరాల జాబితా ముందు రాసుకుని దానికి తగ్గట్టు సర్వే అల్లితే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నివేదిక మొదటి చెల్లింపు నుంచి 12 నెలల్లో, పని ముగిశాక రెండు నెలల్లో ఇవ్వాలి.

ఒప్పందపత్రం

రెండు పేజీలు చాలు. పని ఏమిటి, ఎక్కడ, ఎప్పటికి. డబ్బు ఎన్ని విడతలు, ఏ మెట్టు దాటాక ఏ విడత. నివేదిక ఎవరు, ఏ తేదీకి. ఫొటోలు, లోగోలు ఎవరు ఎలా వాడుకోవచ్చు. ఇష్టం లేకపోతే ఎన్ని నెలల నోటీసుతో విడిపోవచ్చు. మిగులు సొమ్ము దేనికి వాడాలి. పూర్తయ్యాక ఆ ఆస్తిని ఎవరు చూసుకుంటారన్నది చాలామంది మరిచిపోతారు. బడిలో ఆర్‌ఓ ప్లాంటు పెట్టారనుకోండి. ఫిల్టర్లు, కరెంటు బిల్లు ఎవరివి? ప్రధానోపాధ్యాయుడి సంతకంతో ఆ మాట రాయించకపోతే రెండో వేసవికి ప్లాంటుకు తాళం పడుతుంది.

బడ్జెట్ రూపాయల్లో రాసి, పక్కన డాలర్లు, ఏ తేదీ మారకపు రేటో వేయండి. రేటు మారి తక్కువ పడితే ఏ పని తగ్గిస్తారో, ఎక్కువైతే ఎక్కడ వాడతారో ఒక్క వాక్యం ఉండాలి. స్విఫ్ట్ ఛార్జీలు ఎవరివో కూడా రాయాలి. మధ్య బ్యాంకులు కోసుకున్న ఇరవై ముప్పై డాలర్ల మీద ఆడిటు దగ్గర తగువు రావడం చూస్తుంటాం.

నివేదిక

మూడు నెలలకోసారి ఒక పేజీ, నాలుగు ఫొటోలు, ఖర్చుల పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంటు. ‘పనులు శరవేగంగా సాగుతున్నాయి’ అనే వాక్యం అవతలివాళ్లకు ఏమీ చెప్పదు. ఇలా రాయండి: ‘మార్చి 31 నాటికి నాలుగు మరుగుదొడ్లలో మూడింటికి శ్లాబు పడింది. నాలుగోది ఇసుక అందక ఆగింది. ఏప్రిల్ 15కి వస్తుందని సరఫరాదారు రాసిచ్చాడు. ఈ మూడు నెలల ఖర్చు 2,14,600 రూపాయలు, 19 బిల్లులు జతచేశాం. కొలతల పుస్తకంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం ఇంకా తీసుకోవాలి.’ ఆలస్యాన్ని దాచే నివేదిక కన్నా తేదీతో సహా చెప్పే నివేదికనే దాతలు నమ్ముతారు. ఫొటోల్లో ఒకటి పని మొదలుకాక ముందు అదే చోట నిలబడి తీసినది ఉండాలి. పిల్లల పేర్లు, ముఖాలు అనుమతి లేకుండా పెట్టొద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. దాత అడిగినా సరే.

మీటింగులకు శనివారం సాయంత్రం 7.30 బాగా కుదురుతుంది. న్యూయార్క్‌లో వేసవికాలపు సమయంలో అప్పుడు ఉదయం 10 గంటలు, చలికాలంలో 9. లండన్‌లో మధ్యాహ్నం 3 లేదా 2. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం మారితే, ఇంగ్లండువి ఆ నెల చివరి ఆదివారం మారతాయి. మధ్య వారాల్లో ఎవరో ఒకరు గంట తేడాతో వస్తారు, పిలుపులో మూడు దేశాల సమయాలూ రాయండి.

సామాన్లు, అతిథులు

వస్తువుల రూపంలో వచ్చే సాయం కూడా విదేశీ విరాళమే. వద్దనడం నేర్చుకోవాలి. వాడిన ఐసీయూ తరహా పరికరాల దిగుమతి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం నిషిద్ధం. వాడిన కంప్యూటర్లకు ముందస్తు లైసెన్సు కావాలి. అమెరికా యంత్రాలు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడుస్తాయి, మనది 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. ఈలోగా కంటైనరుకు రేవులో రోజుకింత డెమరేజ్ (ఆలస్య రుసుము) ఎక్కుతుంది. మందులకు దిగేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అన్నిటికన్నా ఆ డబ్బుతో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కొనడమే మంచిది, సర్వీసింగుకు మనిషీ దొరుకుతాడు.

విదేశీ అతిథులు జీతం లేని స్వచ్ఛంద సేవను నెల లోపైతే పర్యాటక వీసా మీద చేయవచ్చు. అంతకు మించితే మీ ఆహ్వానపత్రంతో వేరే వీసా తీసుకోవాలి. విదేశీయులకు వసతి ఇచ్చినవారు 24 గంటల్లో ఆన్‌లైన్లో సమాచారం ఇవ్వాలి, సభ్యుల ఇంట్లో ఉంచినా ఇది వర్తిస్తుంది. విదేశీ డాక్టరు అనుమతి లేకుండా మందుల చీటీ రాయకూడదు. శాటిలైట్ ఫోన్, డ్రోన్ తేవద్దని టికెట్ కొనకముందే చెప్పండి. డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచే నిషేధం.

బాధ్యతలు అప్పగించడం

సంస్థ పేరుతో ఒక ఈమెయిల్ ఉండాలి, పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి. ప్రతి ఉత్తరమూ దాని నుంచే వెళ్లాలి, వాట్సాప్‌లో అనుకున్నది ఏదైనా మర్నాడు మెయిల్‌లో రెండు వాక్యాలుగా రాసి పెట్టాలి. విదేశీ సంబంధాల బాధ్యుణ్ణి మూడేళ్లు ఉంచి, రెండో ఏడు నుంచే తర్వాతివారిని ప్రతి కాల్‌లో పక్కన కూర్చోబెట్టండి. అధ్యక్షుడు ఏటా మారినా ఇబ్బంది ఉండదు. కార్యవర్గం మారినప్పుడు ఎఫ్‌సీ-6ఇ వేయాలి, ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టల్ లాగిన్, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు మార్చాలి, బ్యాంకు సంతకాలు మార్పించాలి. చివరిది ఆలస్యమైతే మేస్త్రీకి కూలి ఇవ్వడానికి పాత కోశాధికారి ఊళ్లోకి వచ్చేదాకా ఆగాల్సి వస్తుంది. అందుకే కొత్త కార్యవర్గం తొలి సమావేశంలోనే తీర్మానం రాసి, మర్నాడే ఆ మినిట్స్ కాపీతో బ్యాంకుకు వెళ్లండి.