ఇంటర్వ్యూకి సంప్రదాయ బట్టల్లో వెళ్లాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి

ముందు ఒకటి చూసుకోండి, ఆ బట్టలు మీరు రోజూ వేసుకునేవా లేక ఫంక్షన్లకి మాత్రమే బీరువాలోంచి బయటికి తీసేవా. రోజూ వేసేవైతే సగం డౌట్ అక్కడే తీరిపోయినట్టు. ఎప్పుడో ఒకసారి కట్టేవైతే మాత్రం మీ ధ్యాసంతా కొంగు మీదే ఉంటుంది, అవతలివాళ్లు అడిగింది సగమే చెవికెక్కుతుంది.

తర్వాత ఆ ఆఫీసులో ఎలాంటివి వేసుకుంటారో చూడండి, లింక్డ్‌ఇన్‌లో ఫొటోలుంటాయి, పండగ రోజు దిగినవి కాదు మామూలు రోజువి. అయినా తేలకపోతే హెచ్ఆర్‌కి ఒక్క లైన్ మెయిల్ పెట్టండి, "డ్రెస్ కోడ్ ఏమన్నా ఉందాండి" అని, మొహమాటం దేనికి. ఫ్యాక్టరీ ఉద్యోగమై మెషిన్ల దగ్గరికి తీసుకెళ్లే ఛాన్స్ ఉంటే వేలాడేవి ఏవీ వద్దు, అక్కడ గొడవ సంప్రదాయం గురించి కాదు, సేఫ్టీ గురించి.

మత నియమంగా వేసుకునే హిజాబ్, తలపాగా లాంటివైతే లెక్కే వేరు. అమెరికాలో ఒక బట్టల కంపెనీ స్కార్ఫ్ కట్టుకొచ్చిన అమ్మాయికి ఉద్యోగం ఇవ్వలేదని కేసు పడి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2015లో 8-1తో తీర్పు కంపెనీకి వ్యతిరేకంగా వచ్చింది, ఆ అమ్మాయి ఇంటర్వ్యూలో మతం మాటే ఎత్తలేదు కూడా. అన్ని దేశాల్లో చట్టం ఒకేలా ఉండదు, మీ దగ్గర ఏముందో చూసుకోండి.

ఇక అసలు పని, ట్రయల్. ముందు రోజు రాత్రి మొత్తం వేసుకుని ఓ అరగంట కుర్చీలో కూర్చోండి, మెట్లెక్కండి, షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు చెయ్యి చాపండి, భుజం మీంచి జారితే పిన్ను పెట్టండి, పెట్టినా జారుతుంటే ఇంకోటి వేసుకోండి. వీడియో ఇంటర్వ్యూ అయితే కెమెరా ఆన్ చేసి చూసుకోండి, సన్న గీతల బట్ట స్క్రీన్ మీద అలలు అలలుగా కదులుతుంది, జరీ మీద లైట్ పడి మెరిసిందంటే చూసేవాళ్ల కళ్లు అక్కడికే పోతాయి. గాజుల సంగతి నాకు అనుభవమే, టేబుల్‌కి తగిలినప్పుడల్లా మైక్‌లో టక్ టక్‌మంటుంటే ఎదుటాయన "ఏదో సౌండ్ వస్తోందండి" అనేదాకా నాకు తెలీలేదు, ఆ తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.

పూర్తిగా వేసుకోవడం ఎక్కువనిపిస్తే ఫార్మల్స్ మీద ఒక్క శాలువానో నేత జాకెట్టో వేసినా చాలు.

బట్టల గురించి ఎవరైనా అడిగితే "మావాళ్లు ఇలాగే వేసుకుంటారండి, నాకు ఇదే కంఫర్ట్" అని నవ్వేసి ఉద్యోగం మాటల్లోకి వచ్చేయండి, అక్కడ కూర్చుని నేత చరిత్ర మొత్తం చెప్పకండి.