చెవిలో గుయ్యిమనే మోత: తిండిలో, అలవాట్లలో ఏం మార్చాలి

చెవిలో మోతను మాన్పే తిండి లేదు. జింక్ గోలీలకు, గింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసే గోలీలకు డబ్బు తగలేయొద్దు, వాటితో మోత తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. తిండి, నిద్ర, చుట్టూ ఉండే చప్పుడు సర్దుకుంటే మాత్రం మోత మీదికి ధ్యాస పోవడం తగ్గుతుంది.

ముందు దవాఖాన. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోతే అదే రోజు వెళ్లాలి, స్టెరాయిడ్ మందు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు వినిపించినా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రులకు గానీ, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ దవాఖానకు గానీ పోయి వినికిడి పరీక్షతో పాటు బీపీ, రక్తం, థైరాయిడ్ కూడా చూపించుకోండి. మోకాళ్ల నొప్పులకు రోజూ వేసుకునే గోలీల చీటీ వెంట తీసుకెళ్లండి. కొన్ని నొప్పి గోలీలు మోతను పెంచుతాయి. కానీ గుండెకు రాసిచ్చిన మందును సొంతంగా ఆపొద్దు. గులిమి అడ్డుపడ్డా మోత వస్తుంది. పిన్నీసు పెట్టడం, నూనె కాచి పోయడం వద్దు, కర్ణభేరికి చిల్లుంటే అసలుకే మోసం.

ఇక తిండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ పడుకునే ముందు మోతకు సున్నా నుంచి పది దాకా మార్కు వేయండి. ఒకసారికి ఒక్కటే మార్చి రెండు వారాలు చూడండి. అన్నీ ఒకేసారి మానేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, పది రోజులకే విసుగొచ్చి అన్నీ మళ్లీ మొదలవుతాయి.

మోతతో పాటు కళ్లు తిరగడం, చెవి బిగదీసినట్టుండడం ఉంటే ఉప్పు తగ్గించడంతో మొదలుపెట్టండి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ కన్నా కాస్త తక్కువ, మించొద్దు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు చాలు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండా అయిపోతుంటే ఎక్కువ తింటున్నట్టే, దుకాణంలో కొన్న మిక్చర్ ఈ లెక్కలోకి రానే లేదు. కూరలో తగ్గించి పక్కన మామిడికాయ తొక్కు, అప్పడం వేసుకుంటే ఫలితం ఉండదు. జొన్నరొట్టెకు తొక్కు బదులు ఉప్పు తక్కువేసిన పప్పు, ఆకుకూర నంజుకోండి.

చాయ్‌తో అందరికీ మోత పెరగదు. మానాలనుకుంటే మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి, ఒక్కసారే బంద్ చేస్తే తలనొప్పి పట్టుకుంటుంది. సాయంత్రం నాలుగు దాటాక తాగకపోతే నిద్రకు మంచిది. కల్లు, మందు నిద్ర పట్టిస్తాయి గానీ అర్ధరాత్రి లేపుతాయి. ఆ నిశ్శబ్దంలో మోత ఒక్కటే వినిపిస్తుంది.

చలికాలం ఫ్యాన్ బంద్ చేసిన రాత్రులు మోత పెరిగిందని చాలామంది కంగారుపడతారు. పెరిగింది మోత కాదు, తగ్గింది గదిలో చప్పుడు. టేబుల్ ఫ్యాన్‌ను గోడవైపు తిప్పి నడపండి, లేదా ఫోన్‌లో వాన చప్పుడు పెట్టి మంచం పక్కన ఉంచండి. శబ్దం మోత కన్నా కాస్త తక్కువే ఉండాలి. మోతను పూర్తిగా ముంచేస్తే మెదడు దానికి అలవాటు పడదు. ఇయర్‌ఫోన్లు వద్దు. తెల్లవార్లూ నడవనివ్వండి, మధ్యలో ఆగితే మెలకువ వస్తుంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో, వరికోత మిషన్ల మీద పనిచేసేవాళ్లకు చెవి రక్షణే అన్నిటికన్నా ముఖ్యం. 85 డెసిబెల్స్ చప్పుడును ఎనిమిది గంటలు భరించొచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. బరాత్‌లో డీజే పెట్టెల ముందు ఎగిరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. దూది సరిపోదు. ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలితో అదిమి పట్టండి. వదిలేస్తే ఉబ్బుతూ బయటికొస్తుంది. ఇంట్లో మాత్రం పెట్టుకోవద్దు, చిన్న చప్పుడు కూడా భరించలేని స్థితి రావచ్చు.

వినికిడి తగ్గిందని పరీక్షలో తేలితే చెవి మిషన్‌కు నామోషీ పడొద్దు. బయటి మాటలు సరిగ్గా వినపడ్డాక చాలామందికి మోత వెనక్కి తగ్గుతుంది.