పాత ఇల్లు కొంటున్నారా? ముందు ఆ ఇంటి ఆడబిడ్డలను లెక్కపెట్టండి

మా దూరపు చుట్టం ఒకాయన దేవరకొండలో ఇల్లు కొని ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఇంటికి మాత్రం వంక పెట్టలేం. కట్టి 40 ఏళ్లయినా ఏటా దసరాకు సున్నం వేశారు, గోడల్లో చెమ్మ లేదు, తాండూరు బండలు నిన్న పరిచినట్టున్నాయి. తండ్రి పోయాక కొడుకులిద్దరూ కలిసి అమ్మారు, ఇద్దరూ సంతకాలు చేశారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) కూడా క్లీన్. గృహప్రవేశమైన మూడో నెలలో నోటీసు వచ్చింది. మిర్యాలగూడకు ఇచ్చిన చెల్లె తన వాటా కోసం దావా వేసింది. ఆమె తప్పేమీ లేదు. ఆమెను అడగకుండానే ఆమె వాటా అమ్మేశారు.

ఆషాఢంలో ఆగిన బేరాలన్నీ శ్రావణంలో తెగుతాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఈసీ తీయండి, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు) చూడండి అని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒకటే. ఆడబిడ్డల సంతకం లేకుండా కొనొద్దు.

ఎవరెవరి సంతకాలు కావాలి

హిందూ కుటుంబంలో తండ్రి సొంత సంపాదనతో కట్టిన ఇల్లయినా, వీలునామా లేకుండా ఆయన పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ ఒకటి. తాతల ఆస్తిలో 2005 సవరణ కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం కుటుంబాల్లోనూ కూతురికి వాటా ఉంటుంది, లెక్క వేరు.

తండ్రి తర్వాత చనిపోయిన కూతురు ఉంటే ఆమె పిల్లలు, భర్త సంతకం పెట్టాలి. ఆమె తండ్రికంటే ముందే పోతే పిల్లలు పెట్టాలి. వాళ్లలో మైనర్లుంటే కోర్టు అనుమతి కావాలి.

"పెళ్లప్పుడే కట్నం ఇచ్చినం, ఇంకేం వాటా" అంటారు. కట్నం ఇస్తే వాటా పోదు. "చెల్లె స్టాంపు పేపరు మీద రాసిచ్చింది" అంటారు. హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ కావాలి, నోటరీ ముద్ర చాలదు.

లెక్క ఎలా తేలుతుంది

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో అది చెప్పదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, కానీ అదొక్కటే నమ్మొద్దు. దరఖాస్తులో ఒక పేరు వదిలేస్తే తెలిసేదెలా? వాడకట్టులో పెద్దామెను అడగండి, బతుకమ్మకు ఆ ఇంటికి ఎవరెవరు వస్తారని. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. నేను చూసినంతలో అంతకు మించిన విచారణ లేదు.

ఇంకా ఇవి:

బయానాకు (అడ్వాన్సుకు) ముందే వారసులందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. బయానా ఇచ్చాక ఎవరూ మీ మాట వినరు.

బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు.

ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు.

బొంబాయిలోనో సౌదీలోనో ఉన్న కొడుకు తరఫున జీపీఏ (ఆయన బదులు సంతకం పెట్టే అధికార పత్రం) చూపిస్తే, ఆయనతో వీడియో కాల్‌లో మాట్లాడండి.

స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో చూడండి.

టేపు పట్టుకుని మీరే కొలవండి.

కిరాయిదారు ఖాళీ చేశాకే రిజిస్ట్రేషన్.

బోరు నీళ్లు టెస్ట్ చేయించండి. నల్లగొండ జిల్లాలో అయితే తప్పకుండా. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు.

రంగులు చూసి తొందరపడొద్దు. "రేపటికే రిజిస్ట్రేషన్ స్లాటు బుక్ చేసిన" అని బ్రోకరు అంటే క్యాన్సిల్ చేయమనండి.

ఆడబిడ్డల సంతకం లేకుండా కొనొద్దు. "చెల్లె ఊర్లో లేదు, తర్వాత పెడుతది" అంటే, ఆమె వచ్చేదాకా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.