చార్‌ధామ్ దారిలో ఆకస్మిక వరద: బస ఎక్కడ చేయాలి, ఎటు పరుగెత్తాలి

వరద అనగానే తెలుగువారిలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది గోదావరి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ అవుతాయి. ఎగువ నుంచి ఎంత నీరు బయలుదేరిందో ముందే తెలుస్తుంది కనుక, సామాను సర్దుకొని, పశువులను తోలుకొని పునరావాస కేంద్రానికి చేరుకునేందుకు సాధారణంగా కొన్ని గంటలైనా వ్యవధి దొరుకుతుంది. నీరు ఇంకా పెరిగితే డాబా ఎక్కి పడవ కోసం ఎదురుచూస్తారు. కేదార్‌నాథ్‌కో గంగోత్రికో బయలుదేరేటప్పుడు ఈ అలవాటును ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి. కొండ వాగులో వచ్చేది ఒట్టి నీరు కాదు. బండరాళ్లు, చెట్ల మొదళ్లు, బురద కలిసి ఒకే ముద్దగా దొర్లుకొస్తాయి. ఆ ముద్ద డాబా మీది మనిషితో పాటు డాబానూ తీసుకుపోతుంది.

రెండో పొరపాటు ఆకాశాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవడం. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో రిషిగంగ, ధౌలిగంగ నదులు విరుచుకుపడిన ఉదయం వాన లేదు, ఎండ కాస్తోంది. ఎత్తైన శిఖరం మీది నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడడంతో వచ్చిన ఆ వరదలో 200 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీ గ్రామాన్ని ఖీర్ గాడ్ అనే చిన్న వాగు బురదలో ముంచేసినప్పుడు కూడా దిగువనున్న వర్షమాపక కేంద్రాల్లో నమోదైన వాన అంతంతమాత్రమే. అంటే మీ తల మీద చినుకు పడకపోయినా పైన ఏమి జరుగుతోందో మీకు కనిపించదు. కాబట్టి చూడవలసింది ముందుగా నీటిని, ఆ తరువాతే ఆకాశాన్ని.

యాత్రకు మే నెల, జూన్ మొదటి పక్షం, మళ్లీ సెప్టెంబరు నెలాఖరు నుంచి అక్టోబరు వరకు మెరుగైన కాలం. అయితే 2013లో రుతుపవనాలు ముందే వచ్చి, జూన్ 16, 17 తేదీల్లోనే కేదార్ లోయను తుడిచిపెట్టాయన్నది మరచిపోకూడదు. వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే రంగుల హెచ్చరికలను ‘మౌసమ్’ యాప్‌లోనూ, విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ యాప్‌లోనూ రోజూ రాత్రి పడుకునే ముందు, తెల్లవారి బయలుదేరే ముందు చూసుకోవాలి. రెడ్ అలర్ట్ ఉంటే కదలకూడదు. ఆరెంజ్ ఉన్నా ఆ పూట ప్రయాణం మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. టూరు నడిపేవాళ్లు ‘ఏమీ కాదు’ అంటారు, వాళ్లకు మరుసటి రోజు గది బుకింగు ఉంటుంది కనుక.

బస విషయంలో కాస్త ఎక్కువ ఆలోచించాలి. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులని కింది అంతస్తులో, నది కనిపించేలా గది తీసుకోవడం మన కుటుంబాల్లో మామూలు. ఆ లోయల్లో అంతకంటే ప్రమాదకరమైన గది మరొకటి ఉండదు. గది తీసుకునే ముందు బయటికి వచ్చి ఒక్కసారి పరిసరాలు చూడండి. పక్కనుంచి వాగు దిగి పెద్ద నదిలో కలిసేచోట, విసనకర్ర విప్పినట్టు పరుచుకున్న చదునైన నేల ఉంటే, అది ఆ వాగు వెనకటి వరదల్లో తెచ్చి పోసిన మేట. కొండల్లో చదును నేల దొరకడమే అరుదు కనుక హోటళ్లూ దుకాణాలూ సరిగ్గా దాని మీదే వెలుస్తాయి. ధరాలీ బజారు ఉన్నదీ అలాంటి మేట మీదే. ఇంటి చుట్టూ ఏనుగంత బండరాళ్లు నున్నగా అరిగి కనిపిస్తే వాటిని అక్కడికి మోసుకొచ్చింది నీరేనని గ్రహించాలి. ఊరి పేరులో గానీ పక్కనున్న పాయ పేరులో గానీ ‘గాడ్’, ‘గధేరా’ అన్న మాటలు వినిపిస్తే అవి మన ఉత్తరాంధ్ర గెడ్డల వంటి కొండవాగులే. అన్నిటికన్నా సులువైన మార్గం, టీ కొట్టు నడిపే పెద్దాయన్ను ‘పానీ కహా తక్ ఆయా థా?’ (నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?) అని అడగడం. ఆయన చేయెత్తి చూపించే గీత కంటే ఎగువన, వాగు దారికి దూరంగా, గట్టి రాతి నేల మీదున్న సత్రమో ధర్మశాలో వెతుక్కోండి. గది చిన్నదైనా, వేడినీళ్లు లేకపోయినా సర్దుకోవచ్చు.

చీకటి పడకముందే ఆ బస నుంచి పైకి పోయే కాలిబాటను ఒకసారి నడిచి చూసుకోవాలి. రాత్రి పూట కరెంటు పోయి, వానలో, హోరులో దారి వెతకడం ఎవరివల్లా కాదు. టార్చి, బూట్లు, స్వెట్టర్లు, మందులు, ఆధార్ కార్డు, యాత్ర రిజిస్ట్రేషన్ కాగితం ఒకే సంచిలో ప్లాస్టిక్ కవరు చుట్టి మంచం పక్కనే పెట్టుకోవాలి. వాటితో పాటు ఒక ఈల. ధరాలీ మునుగుతున్నప్పుడు ఎదుటి ఒడ్డున ఎత్తులో ఉన్న ముఖ్‌బా గ్రామస్థులు పైనుంచి వచ్చేదాన్ని ముందే చూసి ఈలలు వేస్తూ, కేకలు పెడుతూ కిందివాళ్లను హెచ్చరించారు. అంత హోరులోనూ ఈల వినిపిస్తుంది. మనిషి గొంతు వినిపించకపోవచ్చు.

నదిని గమనించడానికి పెద్ద విద్య అక్కర లేదు. కనిపించే దూరంలో, నీటి అంచున ఉన్న ఒక రాయిని గుర్తు పెట్టుకొని, గట్టు మీది నుంచే అప్పుడప్పుడు చూస్తూ ఉంటే సరిపోతుంది. ఆ రాయి మునిగినా, పచ్చగా తేటగా ఉన్న నీరు ఒక్కసారిగా మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా, పైనుంచి రైలు వస్తున్నట్టు గుడగుడ శబ్దం వినిపించినా మరో ఆలోచన పెట్టుకోకూడదు. వీటన్నిటికంటే మోసపుచ్చే గుర్తు మరొకటి ఉంది: వాన పడుతూనే ఉన్నా నీరు హఠాత్తుగా తగ్గిపోవడం. తగ్గింది కదా అని జనం ఒడ్డుకు దిగుతారు. నిజానికి ఎగువన కొండచరియ విరిగిపడి వాగుకు అడ్డుకట్ట పడి ఉండవచ్చు; అది తెగినప్పుడు వెనకాల నిలిచిన నీరంతా ఒక్కసారే వస్తుంది.

ఆనకట్టలున్న నదుల్లో వాన లేకుండానే ప్రవాహం పెరగవచ్చు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నది రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. సైరన్ మోగుతుందన్న నమ్మకంతో నదిలోకి దిగకూడదు. మోగితే మాత్రం వెంటనే గట్టెక్కాలి.

గుర్తు కనిపించాక ఎటు పోవాలి? రోడ్డు వెంట కిందికి పరుగెత్తడం సహజంగా వచ్చే ఆలోచన, కానీ వరద పోయేదీ అటే, మనకంటే వేగంగా. ప్రవాహానికి దూరంగా, పక్క వాలు మీదికి ఎక్కాలి. ఎక్కేటప్పుడు కొండ మీది మరో చీలికలోకి వెళ్లకూడదు, అందులోనుంచీ నీరు దిగవచ్చు. ఉబ్బెత్తుగా ఉన్న వెన్ను మీద, పాత చెట్లు నిటారుగా నిలబడిన చోటు ఎంచుకోవాలి. చెట్లు ఒరిగి, నేల కొత్తగా పగుళ్లిచ్చిన వాలు చరియ జారబోయే వాలు. సూట్‌కేసు కోసం వెనక్కి వెళ్లవద్దు. నడవలేని పెద్దవాళ్లను ఎవరు పట్టుకోవాలో, ఎవరు మోయాలో బస చేసిన సాయంత్రమే అనుకొని ఉంచాలి.

వాహనంలో ఉంటే, రోడ్డు మీద పారుతున్న వాగుకు ఇవతలే ఆగాలి. ముందు బండి దాటిందని డ్రైవర్ వెళ్లబోతే గట్టిగా వద్దనాలి. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులుంటే చాలా వాహనాలు నిలవవు. ఆగడం కూడా కోసిన కొండ కింద కాకుండా, పైనుంచి రాళ్లు పడని చోట ఆగాలి.

మొదటి పోటు తగ్గగానే దిగి రావడం మరో తప్పు. 2013లో జూన్ 16 సాయంత్రం వచ్చిన వరదను తట్టుకొని బతికినవారు కూడా, మరునాటి ఉదయం కేదార్‌నాథ్ ఎగువన చోరాబారీ సరస్సు కట్ట తెగి నిమిషాల్లోనే ఖాళీ అయినప్పుడు చిక్కుకున్నారు. అలా అని పైన ఉత్త చేతులతో కూర్చోవడమూ ప్రమాదమే. ఆ ఏడాది కొండెక్కి వరదను తప్పించుకున్నవారిలో కొందరిని చలి, ఆకలి పొట్టనపెట్టుకున్నాయి. అందుకే సంచిలో స్వెట్టరుతో పాటు పల్చటి బరకం, కాసిని అటుకులో వేరుశనగ చిక్కీలో ఉండాలి. అందరూ ఒకేచోట దగ్గరగా కూర్చొని, హెలికాప్టర్ నుంచి కనిపించేలా రంగు చీరను పరిచి ఉంచాలి.

ఫోనులో చార్జింగు మిగుల్చుకొని, మాట కలవకపోతే ఎస్ఎంఎస్ పంపాలి. 112 దేశమంతటా పనిచేస్తుంది. రాష్ట్ర విపత్తు కేంద్రానికి 1070, జిల్లా కేంద్రానికి 1077. ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్, తెలంగాణ భవన్ నంబర్లు బయలుదేరే ముందే రాసుకొని, ఒక ప్రతి ఇంట్లోవాళ్లకు ఇవ్వాలి. కిందికి చేరాక ఇంటికి ఫోను చేసి ఊరుకోకుండా, దగ్గరి సహాయ శిబిరంలోనో పోలీసుల దగ్గరో పేరు నమోదు చేయించుకోవాలి. లేకపోతే గల్లంతైనవారి జాబితాలో మీ పేరు మిగిలిపోయి, క్షేమంగా ఉన్న మీకోసం సహాయ సిబ్బంది ఆ బురదలో వెతుకుతూనే ఉంటారు.